ఓడలకు దారి చూపే దీపాలు

మన కర్నూలుకు సముద్రం లేదు. కడపకూ లేదు. మన పిల్లల్లో చాలామంది సముద్రాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటారు. మనకు తెలిసిన నీళ్ళు బావిలోవి, చెరువులోవి, వానాకాలంలో నాలుగు రోజులు ఏట్లో పారి పోయేవి. నీటి మీద నడిచేవాటిలో మనవాళ్ళు బాగా ఎరిగినది తుంగభద్ర మీదా, కృష్ణ మీదా తిరిగే పుట్టి. అటువంటప్పుడు ఓడలకు దారి చూపే దీపస్తంభాల సంగతి మనకెందుకని మీరు అడగవచ్చు.

ఎందుకో చెబుతాను. మొదట ఆ మాటనే చూడండి. దీపస్తంభం మనకు కొత్త మాట కాదు. కార్తీక మాసంలో గుడి ధ్వజస్తంభానికి తాడు కట్టి, చిల్లులున్న చిన్న పాత్రలో దీపం పెట్టి పైకి లాగుతారు. అదే ఆకాశదీపం. పొద్దుపోయి చేలగట్ల మీద నడిచి వచ్చేవాడికి ఊరు కనబడక ముందే ఆ దీపం కనబడుతుంది. “అదుగో ఊరు!” అనుకుని వాడు గబగబా అడుగులు వేస్తాడు. సముద్రపు ఒడ్డున దీపం చేసే పని కూడా ఇదే. కాకపోతే అది ఏడాదిలో ఒక్క నెల కాదు, ప్రతి రాత్రీ వెలగాలి. ఒక్క రాత్రి వెలగకపోయినా ఎవరి ప్రాణాలైనా పోవచ్చు.

రెండో కారణం మా మేనమామ.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. ఆ ప్రాంతాన కువైట్‌కు పనికి పోయినవాళ్ళు లేని ఊరు అరుదు. ఇప్పుడు విమానంలో కొన్ని గంటల్లో చేరుకుంటున్నారు. 1974లో మా మామ బయలుదేరినప్పుడు రైల్లో బొంబాయికి పోయి, అక్కడ ఓడ ఎక్కాడు. మా ఇంటిలో అంతకు ముందు ఓడ ఎక్కినవాళ్ళు లేరు. ఆయన ప్రయాణమైన రోజున మా అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

“బాట లేదు, బండి జాడ లేదు. అన్ని నీళ్ళల్లో రాత్రిపూట దావ ఎట్ల తెలుస్తాదిరా?”

“దీపాలుంటాయంట లేక్కా,” అన్నాడు మా మామ. నిజానికి అంతకు మించి ఆయనకూ తెలియదు.

ఉత్తరం రావటానికి నెల పైన పట్టింది. ఆ నెలంతా మా అమ్మ రాత్రిళ్ళు వసారాలో లాంతరు ఆర్పలేదు. “కిరసనాయిలు దండగ గదా,” అని మా నాయన అంటే, “ఉండనీలే,” అనేది. చివరకు ఉత్తరం వచ్చింది. అమ్మకు చదువు రాదు గనక నేనే చదివి వినిపించాను. ఓడ చీకటిపడ్డాక బొంబాయి విడిచిందట. ఒడ్డు మీది దీపాలన్నీ ఒకటొకటే మాయమైనాయట. నీళ్ళ మధ్య నిలిచిన దీపం ఒక్కటి మాత్రం మెరిసి ఆగుతూ, మళ్ళీ మెరిసి ఆగుతూ చాలాసేపు కనబడిందట. తోటివాళ్ళంతా ఓడ అంచున కమ్ములు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డారట. కొంతసేపటికి అది నీళ్ళలో మునిగినట్టుగా మాయమయిందట. “ఏడుపు వచ్చిందక్కా. ఐనా మన కోసరం ఎవరో మేలుకోని దీపం పెట్టినారు గదా అని ధైర్యంగా ఉన్నింది,” అని రాశాడు మా మామ. ఆ ఉత్తరం విన్న రాత్రి అమ్మ లాంతరు వత్తి తగ్గించి పడుకున్నది.

మా మామ చూసినది బొంబాయికి దక్షిణాన, కొలాబా దగ్గర, సముద్రంలోని రాతి తిప్ప మీద 1875లో కట్టిన ప్రాంగ్స్ దీపస్తంభమై ఉండాలి. అది నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. మా అమ్మ ప్రశ్నకు పూర్తి జవాబు వెతకటం కూడా అప్పుడే మొదలుపెట్టాను. నాకు దొరికినది మీకు చెబుతాను.

ఓడకు నడిసముద్రంలో ప్రమాదం ఎక్కువా? ఒడ్డు దగ్గర ఎక్కువా? నడిసముద్రంలోనే అని మనకు తోస్తుంది. కాని అక్కడ నీళ్ళు కిలోమీటర్ల లోతున ఉంటాయి. ఓడ అడుగుకు తగలటానికి ఏమీ ఉండదు. ఒడ్డు సమీపిస్తున్నకొద్దీ భయం పెరుగుతుంది. నీళ్ళ కింద దాగిన రాళ్ళుంటాయి, ఇసుక మేటలుంటాయి. రాయి తగిలితే ఓడ చీలుతుంది. మేట ఎక్కితే కదలదు; వెనక వచ్చే అలలు దాన్ని బాది బాది ముక్కలు చేస్తాయి. చాలా రోజులు నీళ్ళ మీద తిరిగి, ఇక ఇల్లు చేరినట్టే అనుకునే వేళకు ఆపద కాచుకుని ఉంటుందన్నమాట.

ఆ ఇసుక, మట్టి ఎక్కడివనుకున్నారు? కొంత మనదే! మా చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల దాటి నెల్లూరు సీమలో సముద్రం చేరుతుంది. కర్నూలు దగ్గర హంద్రి తుంగభద్రలోనూ, తుంగభద్ర కృష్ణలోనూ కలుస్తాయి. వానలప్పుడు ఎర్రగా పారే ఆ నీళ్ళు మోసుకుపోయేది మన చేల మట్టినే. నదులు వేల ఏళ్ళుగా ఇలా మోసిన ఒండ్రు వల్లనే మన తూర్పు తీరం అంత పల్లంగా, ఇసుక తిన్నెలతో నిండి ఉన్నది. ఇప్పుడు శ్రీశైలం, సోమశిల వంటి జలాశయాలలో చాలా ఒండ్రు ఆగిపోతున్నది. కాని వెనకటి మేటలు ఎక్కడికీ పోలేదు.

అందుచేతనే ఆంధ్రతీరం పొడుగునా దీపస్తంభాలు కనిపిస్తాయి. నెల్లూరు వైపు ఆర్మగాన్ మేట దగ్గర ఒకటి ఉన్నది. గోదావరి సముద్రంలో కలిసే చోట సాక్రమెంటో అనే మేట ఉన్నది, దాని పేరనే దీపస్తంభమూ ఉన్నది. భీమునిపట్నానికి ఉత్తరాన సముద్రంలో దాగిన రాళ్ళ నుంచి ఓడలను కాపాడటానికి 1847లోనే చింతపల్లి వద్ద దీపం పెట్టారు. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం 1957లో వెలిగింది.

ఈ ఏర్పాటు చాలా పాతది. మొదట్లో ఒడ్డున ఎత్తయిన చోట కట్టెలు పేర్చి మంట వేసేవారు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా రేవు ఎదుట ఫారోస్ అనే చిన్న దీవి ఉండేది. దాని మీద క్రీస్తుకు పూర్వం సుమారు 280లో ఒక మహా స్తంభం కట్టారు. దాని ఎత్తు వంద మీటర్లకు పైనే ఉండేదని అంచనా. రాత్రిళ్ళు దాని కొసన మంట వెలిగేది. పాతకాలపు ఏడు వింతలలో అది ఒకటి. వెయ్యేళ్ళకు పైగా నిలిచి, భూకంపాలకు దెబ్బ తింటూ వచ్చి, చివరకు 14వ శతాబ్దంలో కూలిపోయింది. ఐనా దాని పేరు పోలేదు. ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ దీపస్తంభాన్ని “ఫార్” అనే అంటారు.

మనకు దగ్గరలోనే మహాబలిపురం ఉన్నది. అక్కడ కొండ మీద పల్లవుల కాలపు ఓలక్కనేశ్వరాలయం ఉన్నది. పూర్వం దాని పైన దీపం వెలిగించి ఓడలకు గుర్తు చూపేవారు. దేవుడి దీపమూ, ఓడల దీపమూ ఒక్కచోటనే వెలిగాయన్నమాట. ఇప్పుడు దాని పక్కనే రాతితో కట్టిన వేరే దీపస్తంభం ఉన్నది.

మన కడప నుంచి రైలెక్కితే చేరే చెన్నపట్నంలో దీపం నాలుగు ఇళ్ళు మారింది. 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక మేడ మీద కొబ్బరినూనె దీపాలు పెట్టారు. ఆ మేడలో ఇప్పుడు మ్యూజియం ఉన్నది. 1844లో ఎత్తయిన రాతి స్తంభం కట్టి దాని మీదికి దీపాన్ని మార్చారు. ఆ స్తంభం హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1894లో హైకోర్టు భవనపు ఎత్తయిన గోపురమే దీపస్తంభమయింది. కింద న్యాయమూర్తులు, పైన దీపం! 1977 నుంచి మెరీనా ఒడ్డున ఎరుపు, తెలుపు పట్టెలతో నిలబడ్డ మూడు పలకల స్తంభం ఆ పని చేస్తున్నది.

దీపాన్ని అంత ఎత్తున ఎందుకు పెట్టాలి? భూమి గుండ్రంగా ఉండటమే కారణం. మన కళ్ళకు సముద్రం బల్లపరుపుగా కనిపిస్తుంది గాని, నిజానికి అది నారింజపండు పైతోలులాగా వంగి ఉంటుంది. దూరాన ఉన్న దీపం ఆ వంపు వెనక దాగిపోతుంది. మా మామకు దీపం నీళ్ళలో మునిగినట్టు తోచింది ఇందువల్లనే. దీపం మునగలేదు, ఓడే వంపు దాటింది.

ఎంత ఎత్తున ఉంటే ఎంత దూరం కనబడుతుందో మీరే లెక్క కట్టవచ్చు. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం కట్టండి. దాన్ని 3.6తో గుణించండి. దాదాపుగా అన్ని కిలోమీటర్లు కనిపిస్తుంది. 25 మీటర్ల ఎత్తున దీపం ఉంటే వర్గమూలం 5. అంటే 18 కిలోమీటర్లు. 100 మీటర్ల ఎత్తున ఉంటే వర్గమూలం 10. అంటే 36 కిలోమీటర్లు. చూశారా, ఎత్తు నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అయింది. చూసేవాడు కూడా ఎత్తున ఉంటే అతని ఎత్తుకూ ఇలాగే లెక్క కట్టి కలుపుకోవాలి. ఓడ మీద 9 మీటర్ల ఎత్తున నిలబడినవాడికి మరి పదకొండు కిలోమీటర్లు కలిసి వస్తుంది.

ఎత్తు ఒక్కటే ఉంటే చాలదు, వెలుగు అంత దూరం పోవాలి. దీపం కాంతి నాలుగు పక్కలకూ చెదరిపోతుంది. ఆకాశంలోకి పోయిన కాంతీ, వెనక ఊరి మీద పడే కాంతీ ఓడకు ఉపయోగపడవు. దీన్ని ఒకచోటికి కూడగట్టాలి. భూతద్దంతో ఎండను ఒక చుక్కగా చేసి కాగితం కాల్చటం మీలో కొందరు చూసి ఉంటారు. అదే అద్దం, చుక్క దగ్గర దీపం ఉంచితే, చెదిరే కాంతిని తిన్నని కట్టగా చేసి దూరానికి పంపుతుంది. కాని దీపస్తంభానికి కావలసినంత పెద్ద భూతద్దం చేస్తే మధ్యలో మూరెడు మందాన ఉంటుంది. దాన్ని పోతపోయటమే కష్టం. పైగా అంత మందపు గాజు కాంతిని తానే మింగేస్తుంది.

ఈ చిక్కు విడదీసినవాడు ఆగస్టీన్ ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు. కాంతిని వంచేది అద్దం పైవంపే గాని, లోపలి మందం కాదు గదా అని ఆయన ఆలోచించాడు. లోపలి గాజు తీసేసి, మధ్యలో ఒక బిళ్ళ పెట్టి, దాని చుట్టూ వలయాలుగా గాజు పట్టకాలను అమర్చాడు. ఆ అద్దం 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ దీపస్తంభంలో మొదటిసారి వెలిగింది. ఫ్రెనెల్ క్షయరోగంతో 1827లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. ఆయన అద్దం మాత్రం లోకమంతా పాకింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. చీకట్లో దీపం కనబడితే సరే, అది ఏ ఊరి దీపమో ఎలా తెలుస్తుంది? దీని కోసం ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క నడక పెట్టారు. ఒకటి పది సెకండ్లకు ఒకసారి మెరుస్తుంది. మరొకటి రెండుసార్లు గబగబా మెరిసి ఆగుతుంది. ఇంకొకటి మూడుసార్లు. దగ్గరదగ్గర ఉన్న దీపాలకు ఒకే నడక ఉండదు. ఈ వివరాలన్నీ అచ్చువేసిన పుస్తకం నావికుడి వద్ద ఉంటుంది. అతను గడియారం చూస్తూ మెరుపులు లెక్కపెట్టి, పుస్తకం తిరగేసి, “ఇది ఫలానా తీరం” అని తెలుసుకుంటాడు. పగలు దీపం కనబడదు గనక స్తంభానికి పట్టెల రంగులు వేస్తారు.

ఈ మెరుపు కోసం వెనకటి రోజుల్లో దీపాన్ని ఆర్పి వెలిగించేవారు కారు. దీపం వెలుగుతూనే ఉండేది. చుట్టూ ఉన్న అద్దాలు తిరిగేవి. టన్నుల బరువున్న అద్దాలు తేలికగా తిరగటానికి వాటిని పాదరసం నిండిన తొట్టిలో తేలేటట్టు చేశారు. తిప్పటానికి గోడ గడియారంలో ఉన్నట్టు బరువులు వేలాడేవి. బరువు కిందికి దిగిపోగానే కావలివాడు మళ్ళీ పైకి చుట్టాలి. రాత్రంతా అదే పని. వత్తి సరిచెయ్యాలి, నూనె పొయ్యాలి, గాజుకు పట్టిన మసి తుడవాలి. తుఫాను వచ్చిన రాత్రి అందరూ తలుపులు వేసుకుంటారు. అతను మాత్రం మెట్లెక్కాలి.

ఈ దీపాల వెనక ప్రాణాలిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంగ్లండు దక్షిణతీరాన ఎడ్డీస్టన్ అనే రాతిగుట్ట నడిసముద్రంలో ఉన్నది. హెన్రీ విన్‌స్టన్లీ అనే ఆయన దాని మీద స్తంభం కట్టి 1698లో దీపం వెలిగించాడు. 1703 నవంబరులో మహా తుఫాను వచ్చి, ఆ స్తంభాన్నీ, మరమ్మతుకని వెళ్ళి అందులో ఉన్న విన్‌స్టన్లీనీ కూడా తుడిచిపెట్టింది. తరవాత కట్టిన కొయ్య స్తంభం కాలిపోయింది. అప్పుడు జాన్ స్మీటన్ అనే ఇంజనీరు ఓక్ చెట్టును చూసి యోచించాడు. ఆ మానుకు మొదలు వెడల్పు, పైన సన్నం. గాలికి మన చింతమాను నిలబడేదీ అందుకే. ఆయన స్తంభాన్నీ అదే తీరున కట్టాడు. రాళ్ళను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు చెక్కించి, నీళ్ళలో కూడా గట్టిపడే సున్నం వాడాడు. 1759లో వెలిగిన ఆ స్తంభం నూట ఇరవై ఏళ్ళు పనిచేసింది. చివరకు బలహీనపడినది స్తంభం కాదు, దాని కింద ఉన్న గుట్ట! జనం దాని పై భాగాన్ని విప్పి తెచ్చి ప్లిమత్ పట్టణంలో మళ్ళీ నిలబెట్టుకున్నారు.

స్వీడనుకు చెందిన గుస్టాఫ్ డాలెన్ కథ ఇంకా విచిత్రమైనది. మనుషులు ఉండటానికి వీలులేని చోట్ల దీపం దానంతట అదే సాయంత్రం వెలిగి, తెల్లవారగానే ఆరిపోవటానికి ఆయన ఒక సాధనం కనిపెట్టాడు. దాని కిటుకు మనకు తెలిసినదే. ఎండాకాలం మిట్టమధ్యాన్నం నల్లని కడప బండ మీద ఉత్తకాళ్ళతో నిలబడలేం. పక్కనే సున్నం కొట్టిన గచ్చు అంతగా కాలదు. నలుపు వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది, వేడెక్కినది సాగుతుంది. డాలెన్ ఒక నల్లని కడ్డీ చుట్టూ మెరుగుపెట్టిన కడ్డీలు అమర్చాడు. పగటి వెలుగుకు నల్లకడ్డీ మిగిలినవాటికంటె ఎక్కువ సాగి గ్యాసు దారిని మూసేది. చీకటిపడగానే ముడుచుకుని దారి తెరిచేది. ఈ పనికి ఆయనకు 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది గ్యాసుతో పరీక్షలు చేస్తుండగా పేలుడు జరిగి ఆయన రెండు కళ్ళూ పోయాయి. బహుమతి అందుకోవటానికి అన్న వెళ్ళాడు. డాలెన్ మాత్రం పని మానలేదు. ఇంకా ఇరవై అయిదేళ్ళు, 1937లో చనిపోయేదాకా, తన సంస్థను తానే నడిపాడు. లోకానికి వెలుగు చూపే దీపాలు తయారయ్యేది చూపులేని మనిషి చేతుల మీదుగా!

ఇప్పుడు ఓడల్లో రాడార్ ఉన్నది. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో ఓడ ఎక్కడున్నదీ చెప్పే జీ.పీ.ఎస్. ఉన్నది. మరి దీపస్తంభాలు ఎందుకని కొందరు అంటారు. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. కావాలనుకున్నవాడు దాన్ని చెడగొట్టవచ్చు. యంత్రం చెడవచ్చు. కంటితో చూసే దీపానికి ఆ బాధ లేదు. చిన్న పడవల మీద వేటకు పోయే మత్స్యకారులకు ఇంటిదారి చెప్పేది కూడా ఆ దీపమే. భారతదేశంలో ఇప్పుడు రెండు వందలకు పైగా దీపస్తంభాలున్నాయి. వాటి కోసం 1927లో చేసిన చట్టానికి బదులుగా 2021లో కొత్త చట్టం వచ్చింది. కొబ్బరినూనె, కిరసనాయిలు పోయి విద్యుద్దీపాలు వచ్చాయి.

మరొక సంగతి చెప్పి ముగిస్తాను. చాలాకాలం కడప జిల్లాలో ఉండిన మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి. అంత పెద్ద ముగ్గురాయి నిలవలు ప్రపంచంలోనే అరుదు. నూనెబావులు తవ్వేటప్పుడు ఆ రాతిపొడి కలిపిన బరువైన బురదను బావిలోకి పంపుతారు. అందుచేత అది చెన్నై, కృష్ణపట్నం రేవుల నుంచి దూరదేశాలకు పోతుంది, గల్ఫ్ దేశాలకు కూడా. దగ్గరలోని ఓబులవారిపల్లె నుంచి వెలుగొండలకు సొరంగం తొలిచి, కృష్ణపట్నం వైపుకు వేసిన రైలుమార్గం 2019లో ప్రారంభమయింది. ఆ సొరంగం ఆరున్నర కిలోమీటర్ల పొడుగు. మన కొండల్లో తవ్విన రాయి ఆ చీకటి సొరంగంలో నుంచి వెళ్ళి ఓడ ఎక్కుతుంది. రాత్రిపూట ఆ ఓడ రేవు విడిచినప్పుడు, మన ఊరి పేరైనా వినని నావికుడు గడియారం చేత పట్టుకుని ఒడ్డు మీది దీపం మెరుపులను లెక్కపెడుతూ ఉంటాడు.

మీరు చెన్నైకి వెళితే, పొద్దుగూకాక మెరీనాలో కాసేపు నిలబడండి. మీరూ గడియారం చూసుకుని ఆ మెరుపుల నడక ఏమిటో కనిపెట్టండి. పగలు సందర్శకులను పైకి వెళ్ళనిస్తారు. అంత ఎత్తు నుంచి సముద్రం చూసి, ఎన్ని కిలోమీటర్లు కనబడుతున్నదో నేను చెప్పిన లెక్క ప్రకారం కట్టి, మీ అమ్మకూ నాన్నకూ చెప్పండి.